కుడికాలి అబద్ధం

మా ఆడపడుచు కుడికాలితో అబద్ధమాడింది. నోటితో ఆడే అబద్ధాలకు నేను అలవాటుపడ్డదాన్నే. ఆరేళ్ళ కాపురంలో వాటిని లెక్కపెట్టడం కూడా మానేశాను. కానీ నా షెడ్డులో, నా కాటా ముందు, నా చేత్తో కట్టిన బ్యాండుతో ఆడిన అబద్ధాన్ని మరిచిపోయే రకం కాదు నేను.

ముందు ఎవరు ఎవరో చెబుతాను. నేను ఆడవాళ్ళ ఫుట్‌బాల్ క్లబ్బులో ట్రైనర్ని. ఆట నేర్పను, కాళ్ళలో బలం పెంచుతాను. బంతి తన్నడం నాకు రాదు. పెళ్ళికి ముందు బరువులెత్తే పోటీల్లో పాల్గొనేదాన్ని. బంతి తన్నడం రాని మనిషి మాకు కాళ్ళ గురించి చెబుతుందని టీములో ప్రతి పిల్లా ఒక్కసారైనా గొణిగింది. మా ఆడపడుచు గొణగదు, మొహం మీదే అంటుంది. ఆ టీముకి గోల్స్ కొట్టిపెట్టేది ఆమే. మైదానంలో ఆమెను తూటా అని పిలుస్తారు. నాకు మాత్రం అర్ధమొగుడు. ఆడబిడ్డ అర్ధమొగుడని పెద్దలు ఊరికే అనలేదు. ఆ సగం మొగుడి పెత్తనం మా ఇంట్లో అసలు మొగుడికి కూడా లేదు.

నిజానికి మా పెళ్ళి ఆమె వల్లే అయింది. మా ఆయన స్కూలు బస్సు నడుపుతాడు. ప్రాక్టీసు అయ్యాక చెల్లెల్ని ఇంటికి తీసుకెళ్ళడానికి వస్తూ వస్తూ నన్ను చూశాడు. "ఆ బరువులావిడా? రేపు కోపమొస్తే నిన్ను ఎత్తి గోడవతల పడేస్తుంది అన్నయ్యా" అందట ఈవిడ. పెళ్ళయిన మర్నాడే ఆ మాట నాకు తనే చెప్పింది. అప్పటినుంచీ మా ఇద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

మా క్లబ్బులో మగవాళ్ళ టీముకి అద్దాల జిమ్ము ఉంది, ఇనుప బరువులున్నాయి, గోడకో ఫ్యాను ఉంది. మాకు స్టాండు వెనక రేకుల షెడ్డు ఇచ్చారు. అంతకుముందు అందులో చిరిగిన గోల్ నెట్లూ, గీతలు గీసే సున్నం బస్తాలూ పడేసేవాళ్ళు. ఆ బస్తాలు కొన్ని ఇప్పటికీ మూలనే ఉన్నాయి. వాళ్ళకి ఇనుము, మాకు రబ్బరు. నేను పోట్లాడి గోడకి ఆరు ఇనుప రింగులు దిగ్గొట్టించుకున్నాను. మేకులకి సాగే బ్యాండ్లు వేలాడుతుంటాయి. పసుపుది తేలిక, తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, నీలం, అన్నిటికన్నా మొండిది నలుపు. చీలమండకి తగిలించే పట్టీలు మా అత్తగారు తన కుట్టుమిషను మీద కుట్టిచ్చినవే. ఆవిడ కుట్టు తెగడం నేనెప్పుడూ చూడలేదు.

ఆడపిల్ల ఎగిరి ఒంటికాలి మీద దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలుతుంది. లోపలి లిగమెంటు తెగేది అప్పుడే. మోకాలు వాలకుండా పట్టి ఉంచాల్సింది తుంటి. ఆ తుంటికి పని చెప్పడానికే మోకాళ్ళ పైన చిన్న బ్యాండు వేసి పక్కకి అడుగులు వేయిస్తాను. పది అడుగులు అటు, పది ఇటు, చూడ్డానికి పీత నడకలా ఉంటుంది. తూటాకి అది నామోషీ. నేను అటు తిరగ్గానే బ్యాండు తీసేసి జేబులో పెట్టుకునేది. పోయినేడాది ఒక మ్యాచ్‌లో తలతో బంతి కొట్టి కిందికి దిగుతూ ఎడమ మోకాలిలో లిగమెంటు తెంపుకుంది.

ఆపరేషనయ్యాక తొమ్మిది నెలలు నా చేతికింద పడింది. రోజూ పొద్దున ఆరింటికి ఇద్దరం షెడ్డుకి వెళ్ళేవాళ్ళం. బ్యాండు లాగినంతసేపూ పళ్ళు నూరుతూ నన్ను తిట్టేది.

"ఇంట్లో నోరెత్తలేక ఇక్కడ పగ తీర్చుకుంటున్నావు కదా వదినా" అనేది.

"అవును. ఇంకో ఎనిమిదిసార్లు లాగు" అనేదాన్ని.

అలా ఉండగా, ఆ ఆదివారం మ్యాచ్ చూడ్డానికి జాతీయ జట్టు ఎంపికదారులు వస్తున్నారని కబురొచ్చింది. ఆపరేషనయిన పిల్ల మళ్ళీ ఆడాలంటే లీగు ఆఫీసుకి ఒక కాగితం వెళ్ళాలి, దాని మీద నా సంతకం ఉండాలి. పరీక్ష పద్ధతి సులువే. పిల్ల కుర్చీలో కూర్చుంటుంది. బ్యాండు ఒక చివర చీలమండ పట్టీకి, రెండో చివర వెనక గోడకున్న కాటాకి. కాలు ముందుకి చాచి ఎంత లాగితే కాటాలో అంత అంకె కనపడుతుంది. దెబ్బతిన్న కాలు, బాగున్న కాలు లాగినదాంట్లో నూటికి తొంభై వంతులైనా లాగాలి. అంతకు తక్కువైతే ఆడనివ్వకూడదు. బాగున్న కాలితో కావాలని తక్కువ లాగితే లెక్క దానంతటదే సరిపోతుందని ఎవరికైనా తట్టొచ్చు. అందుకే లీగువాళ్ళు పరీక్షలో మోసానికి ఒక సీజను నిషేధం పెట్టారు.

గురువారం సాయంత్రం పరీక్ష పెట్టాను. టీమంతా గోడ వారగా కూర్చుని చూస్తున్నారు. కోచ్ గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన్ని అందరూ ఈల సారంటారు, నిద్రలో కూడా మెడలో ఈల తియ్యడని పిల్లల నమ్మకం. ఎడమకాలు ఇరవై మూడు కిలోలు లాగింది. కుడికాలు ఇరవై నాలుగు. అంకెలు పైకి చదవకుండా పుస్తకంలో రాసుకున్నాను.

"ఏమైంది?" అన్నాడు ఈల సారు.

"అంకెలైతే సరిపోయాయి" అన్నాను.

సరిపోయాయి కానీ నాకు మింగుడుపడలేదు. కుడికాలితో లాగినప్పుడు ఆమె నన్ను తిట్టలేదు. తొమ్మిది నెలల్లో ఒక్కరోజు కూడా అలా జరగలేదు.

మా షెడ్డులో ఒక అలవాటుంది. పనయ్యాక బ్యాండ్లన్నీ తుడిచి పౌడరు రాసి పెట్టాలి, లేకపోతే ఒకదానికొకటి అంటుకుని చిరుగుతాయి. ఆ చాకిరీ ఎవరికీ పట్టదు. అందుకని ఇద్దరు పిల్లలు నల్లబ్యాండుని చెరో చీలమండకి తగిలించుకుని, నేల మీద గీతకి అటొకరు ఇటొకరు నిలబడి లాక్కుంటారు. గీత దాటినవాళ్ళు ఓడినట్టు, పౌడరు పని వాళ్ళది. ఆ రోజు తూటా సంతోషం పట్టలేక మా గోల్‌కీపర్ని పిలిచింది. ఆ పిల్లని గోడ అంటాం. మనిషి అలాగే ఉంటుంది. కాటా మీద ముప్పై కిలోలు లాగే కాలు దానిది.

తూటా బ్యాండు కుడికాలికి తగిలించుకుంది. పిల్లలు ఒకటి, రెండు అని మూడు అనేలోపే గోడ గీత దాటొచ్చి సున్నం బస్తా మీద కూలబడింది. షెడ్డంతా నవ్వులు. తూటా కూడా నవ్వుతూ నా వైపు తిరిగింది. నేను చేతిలో పెన్నుతో అలాగే చూస్తున్నాను. ఇరవై నాలుగు లాగిన కాలు ముప్పై లాగే కాలిని ఈడ్చి పారేసింది. తూటా మొహం తేలు కుట్టిన దొంగ మొహంలా అయింది.

అందరినీ పంపించి తలుపు వేశాను. పాత పుస్తకం తీసి ఆమె ముందు పెట్టాను. దెబ్బ తగలకముందు ఆమె కుడికాలు ముప్పై రెండు, ఎడమకాలు ముప్పై ఒకటి.

"నీ కుడికాలికి ఏం రోగం వచ్చింది?" అన్నాను.

"అలిసిపోయింది."

"అలిసిపోయిన కాలు గోడని బస్తా మీద కూర్చోబెట్టిందా? ఎవరి చెవిలో పూలు పెడుతున్నావు?"

ఆమె పట్టీ విప్పడం మొదలుపెట్టింది. "రాయి వదినా. నీకేం పోయింది? కాలు నాది."

"ముప్పై రెండుకి ఇరవై మూడంటే నూటికి డెబ్బై రెండు. ఆదివారం నువ్వు ఎగిరి దిగావంటే ఈసారి మోకాలు కాదు, నీ ఆటే పోతుంది."

"నువ్వు ఎప్పుడైనా ఆడావా, ఆట పోవడమంటే ఏంటో నీకేం తెలుసు? వాళ్ళు మళ్ళీ రెండేళ్ళదాకా రారు." ఆమె లేచి నిలబడింది. "నేను పైకి వెళ్తే నీకు కడుపుమంట. మొదటినుంచీ అంతే."

నాకు ఒళ్ళు మండిపోయింది. పట్టీలన్నీ తీసి పెట్టెలో విసిరాను. "నేను సంతకం పెట్టను. పో" అన్నాను.

ఆ సాయంత్రం షెడ్డులో ఒక్కదాన్నే కాగితం ముందు కూర్చున్నాను. మోసం అని రాస్తే ఆమె సీజనంతా బయట ఉంటుంది, ఊరంతా దొంగ అంటుంది. కాటా చూపించిన అంకెలే రాస్తే ఆదివారం ఆడుతుంది. మధ్యలో ఇంకో దారి కనిపించింది. కుడికాలు ముప్పై రెండు అని రాశాను. ఎడమకాలు ఇరవై మూడు. ఎడమకాలు బలహీనం, ఆడటానికి తగదు. కింద సంతకం పెట్టాను. ఆ ముప్పై రెండు నేను ఆ రోజు కాటాలో చూసింది కాదు, పాత పుస్తకంలోంచి తీసుకున్నది. అయినా ఆమె పరువు కాపాడానని నా భుజం నేనే తట్టుకున్నాను.

మర్నాడు పొద్దున ఈల సారు ఆ కాగితం పట్టుకుని షెడ్డులోకి దూసుకొచ్చాడు.

"నిన్న సరిపోయాయన్నావు. ఇవాళ తగదంటావా?"

"లెక్క తప్పింది సార్. మళ్ళీ చూశాను."

"రాత్రికి రాత్రి తప్పిందా లెక్క? చూడమ్మా, మీ వదినామరదళ్ళ గొడవలు ఇంట్లో చూసుకోండి. నా టీములోకి తేకండి."

ఆయన నాలుగు మాటలని వెళ్ళిపోయాడు. గుమ్మం దగ్గరున్న పిల్లలు నన్ను తప్పించుకుని పక్కనుంచి నడిచారు.

ఆదివారం మా టీము రెండు గోల్స్ తేడాతో ఓడింది. ఎంపికదారులు గోడని తీసుకున్నారు. తూటా ఆ రోజంతా స్టాండులో నీళ్ళ సీసాల పక్కన కూర్చుంది. ఇంటికొచ్చాక మా అత్తగారు నా ముందు కంచం పెట్టిన చప్పుడుకి పక్కవాటా వాళ్ళు తలుపు తీసి చూశారు.

"సొంత ఇంటి పిల్ల నోటికాడ కూడు లాగేసుకునేవాళ్ళని ఇక్కడే చూశాను" అందావిడ. "పిల్లిని చంకన పెట్టుకుని పెళ్ళికెళ్ళినట్టయింది మా బతుకు."

మా ఆయన అడకత్తెరలో పోకచెక్క. అమ్మవైపు చూశాడు, నావైపు చూశాడు, తర్వాత గిన్నెవైపు చూస్తూ ఉండిపోయాడు. నేను తూటా వైపు చూశాను. ఒక్క మాట చాలు. నేను తప్పు చేశానమ్మా, వదిన కాదు అంటే అయిపోతుంది. ఆమె తలెత్తలేదు. నా కళ్ళలోకి చూసే ధైర్యం లేక అలా తల వంచుకుని తింటుంటే, చెప్పకపోవడమెందుకు, ఆ పూట నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

పది రోజులు అలాగే గడిచాయి. అత్తగారు పట్టీలు కుట్టడం మానేశారు. "నా చేతికుట్టు దాని మొహానికి కాదు" అని గోడలకి చెప్పేవారు. తూటా పొద్దున షెడ్డుకి రావడం మానేసింది. నేను ఇంట్లో తిట్లు తింటూ, క్లబ్బులో గుసగుసలు వింటూ తిరిగాను. లోపల మాత్రం గర్వంగానే ఉండేది, నిజం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే కదా అని.

పదకొండోరోజు మధ్యాహ్నం తూటా షెడ్డులోకి వచ్చింది. చేతిలో ఎంపికదారుల దగ్గర్నుంచి క్లబ్బుకొచ్చిన జాబితా ఉంది. గోడ పేరు పైనుంది. కింద తూటా పేరు ఎదురుగా, లీగుకి వెళ్ళిన నా కాగితం చూసి రాసిన ఒక వాక్యం: ఎడమ మోకాలు బలహీనం, ఇకమీదట చూడనవసరం లేదు.

"చదివావా?" అంది.

"చదివాను."

"ఇకమీదట. ఆ ముక్క చదివావా?"

నేను ఆ వాక్యం మీద వేలు పెట్టి మళ్ళీ చదివాను.

"దొంగ అని రాసుంటే ఒక్క సీజను పోయేది. వచ్చే ఏడాది తిరిగొచ్చి రెండు గోల్స్ కొడితే దొంగ అన్నవాళ్ళే భుజాలమీద మోసేవాళ్ళు. మోసం చేసిన పిల్లలు ఇప్పుడు పెద్ద టీముల్లో ఆడటం లేదా? కుంటిదాన్నని రాశావు. కుంటిదాన్ని ఎవరూ రెండోసారి చూడరు."

"నీ పరువు కాపాడాలని రాశాను."

"ఎవరడిగారు నిన్ను?" ఆమె గొంతు పెరగలేదు. పెరిగుంటే నాకు బాగుండేది. "నాకు నచ్చని మనిషివి, ఒప్పుకుంటాను. కానీ నువ్వు కాటా ముందు అబద్ధమాడవని నమ్మాను. నేనాడాను, నేను దొంగని. నువ్వెందుకు ఆడావు?"

నేను పుస్తకం తీసుకుని లేచాను.

"పద ఈల సారు దగ్గరికి. మార్చి రాస్తాను. కానీ నా ఒక్కదాని మాట చెల్లదు. నువ్వు ఒప్పుకుని సంతకం పెట్టాలి."

"పెట్టడానికే వచ్చాను" అంది.

ఈల సారు ఇద్దరి మాటా విని తల పట్టుకున్నాడు. తర్వాత షెడ్డుకి తీసుకొచ్చి, తనే కాటా ముందు నిలబడి మళ్ళీ లాగించాడు. తూటా పళ్ళు నూరింది. నన్ను మా అమ్మతో సహా తిట్టింది. కుడికాలు ముప్పై మూడు. ఎడమకాలు ఇరవై నాలుగు. రెండూ ఆయన తన చేత్తో రాశాడు. పరీక్షలో మోసం, ఒక సీజను నిషేధం. ఎడమ మోకాలు కోలుకుంటోంది, వచ్చే ఏడాది మళ్ళీ పరీక్షించాలి. తూటా వణక్కుండా సంతకం చేసింది.

తర్వాత నావైపు తిరిగాడు. "ఆ పిల్ల చిన్నది, భయపడి చేసింది. నువ్వు చూడని అంకె రాసి సంతకం పెట్టావు. రేపు నువ్వు ఏ పిల్ల గురించి రాసినా నేను నమ్మేదెలా?"

సాయంత్రానికి క్లబ్బు ఆఫీసు నుంచి మాటొచ్చింది. షెడ్డు తాళాలు, కాటా, పుస్తకాలు అప్పగించి వెళ్ళమన్నారు. అప్పగించేశాను. ఆ గోడకి రింగులు కొట్టించింది నేను. అవి మాత్రం ఎలా అప్పగిస్తాను? దారిపొడుగునా ఏడుపొచ్చింది. బస్టాపులో ఎవరో అడిగితే కంట్లో సున్నం పడిందన్నాను.

భోజనాల దగ్గర అత్తగారు మళ్ళీ మొదలుపెట్టబోయారు. తూటా చెయ్యెత్తి ఆపింది.

"అమ్మా, పరీక్షలో దొంగతనం చేసింది నేను. కుడికాలితో కావాలని తక్కువ లాగాను. వదిన పట్టుకుంది. బయటపెడితే నాకు నిషేధం పడుతుందని దాచింది. ఇవాళ ఇద్దరం పోయి ఒప్పుకున్నాం. నాకు సీజను పోయింది, వదినకి ఉద్యోగం పోయింది."

మా ఆయన చేతిలోని ముద్ద కంచంలోకి జారింది. అత్తగారు కూతురివైపు చూశారు. తర్వాత నావైపు తిరిగారు. ఆవిడ కళ్ళు నిండిపోయాయి.

"పదిరోజులు నోటికొచ్చినట్టు తిట్టానే తల్లీ. దాని కోసం అన్నీ పడ్డావా? ఇంత మంచిదానివని నాకు ముందే తెలిస్తే..."

"మంచిది కాదమ్మా" అంది తూటా. "ఆవిణ్ణి అడుగు. నా మోకాలు బాలేదని ఊరందరికీ రాసిచ్చిందెందుకో అడుగు."

అత్తగారు అయోమయంగా చూశారు. ముగ్గురూ నావైపే చూస్తున్నారు. అత్తగారి చెయ్యి నా భుజం మీద ఉంది. ఆరేళ్ళలో ఆ చెయ్యి అక్కడ పడటం అదే మొదటిసారి. నేను ఊరుకుంటే చాలు, ఆ ఇంట్లో ఇకమీదట నా మాటకి తిరుగుండదు.

"అది నిజమే అత్తయ్యా" అన్నాను. "పరువు కోసం అని నాకు నేను చెప్పుకున్నాను. దానికోసం కాదు. దీని రహస్యం ఒకటి నా గుప్పిట్లో ఉంటే, జన్మలో మళ్ళీ నా ముందు తలెత్తదని అలా రాశాను. తల వంచుకుని తింటుంటే చూసి సంతోషపడ్డాను."

అత్తగారు నా భుజం మీంచి చెయ్యి తీసేశారు. తూటా మాత్రం తన కంచం దగ్గరికి లాక్కుని తినడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు నిన్ను నమ్మొచ్చు" అంది, నావైపు చూడకుండానే. "రేపు ఆరింటికి లేపు. షెడ్డు లేకపోతే వాకిట్లోనే, పీత నడక దగ్గర్నుంచి మొదలుపెడదాం."